స్కూబాకు వెళ్తున్నారా? ముందు అరకు, ఆ తర్వాతే సముద్రం

చీపురుపల్లి: సెలవులు వచ్చాయంటే చీపురుపల్లి, గరివిడి, గుర్ల, మెరకముడిదాం మండలాల నుంచి విశాఖపట్నం బయలుదేరే కుటుంబాలు ఎన్నో. ఉదయాన్నే పాసింజరు రైలు ఎక్కితే సుమారు 90 కిలోమీటర్ల ప్రయాణం. ఒకప్పుడు ఈ యాత్ర అంటే బీచ్, జంతు ప్రదర్శనశాల, కైలాసగిరి, సింహాద్రి అప్పన్న దర్శనం. వీటితో పాటు ఇప్పుడు యువతను ఊరిస్తున్నది సాగరగర్భ విహారం. రుషికొండ తీరంలో కొన్నేళ్లుగా ప్రైవేటు శిక్షణ సంస్థలు పర్యాటకులకు స్కూబా డైవింగ్ చేయిస్తున్నాయి. భీమిలి దారిలోని మంగమారిపేట వద్ద సముద్రంలో సహజసిద్ధంగా ఏర్పడిన రాతి తోరణాన్ని చూసేందుకూ ఔత్సాహికులు నీటిలోకి దిగుతున్నారు. విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలోని చింతపల్లి తీరం పేరు కూడా ఈ క్రీడకు సంబంధించి వినిపిస్తూ వచ్చింది.

అయితే ఈ యాత్రకు సంచి సర్దుకోవడంలో మనవారు చూపే శ్రద్ధ అంతా ఫొటోలకు, బట్టలకు సంబంధించినదే. శరీరాన్ని సిద్ధం చేసుకోవడం, తిరుగు ప్రయాణాన్ని సరిగా పేర్చుకోవడం అనే రెండు ముఖ్య విషయాలు మరుగున పడుతున్నాయి. విశాఖ యాత్రను చాలామంది రెండు రోజులకు కుదిస్తారు. మొదటి రోజు సముద్రం, రెండో రోజు తెల్లవారకముందే అరకు. స్కూబా చేసేవారికి పనికిరాని క్రమం సరిగ్గా ఇదే. కారణం తెలియాలంటే నీటి అడుగున శరీరంలో ఏం జరుగుతుందో ముందు తెలుసుకోవాలి.

గాలి సిలిండరే, ఆక్సిజన్ కాదు

వీపున కట్టుకునే సిలిండరులో ఆక్సిజన్ ఉంటుందని సాధారణంగా అనుకుంటారు. అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే. దానిని వడగట్టి, తేమ తీసి, గట్టిగా కుక్కి నింపుతారు. 12 లీటర్ల సిలిండరులో 200 బార్ల పీడనంతో నింపితే సుమారు 2,400 లీటర్ల గాలి పడుతుంది. ఆ పీడనాన్ని తగ్గించి, మనిషి ఉన్న లోతుకు తగినట్లు నోటికి అందించే పరికరమే రెగ్యులేటర్. ఫ్రాన్స్‌లో 1943లో జాక్ ఈవ్ కూస్టో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు దీనిని రూపొందించాక ఈ విద్య సామాన్యులకు చేరువైంది.

గాలిలో సుమారు 78 శాతం నత్రజని. నేలమీద అది పీల్చినంతా బయటకు పోతుంది. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. అంటే 10 మీటర్ల లోతులో శరీరంపై పీడనం ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. పీడనం పెరిగినకొద్దీ నత్రజని రక్తంలోనూ, కండరాల్లోనూ కరుగుతుంది. పైకి వచ్చాక నెమ్మదిగా, ఊపిరి ద్వారా బయటకు వెళ్తుంది. అందుకు గంటలు పడుతుంది. గోలీసోడా సీసాలో గోలీని నొక్కగానే అంతవరకు కనిపించని వాయువు బుస్సున బుడగలుగా పొంగుతుంది కదా. పీడనం ఒక్కసారిగా తగ్గితే శరీరంలో కరిగి ఉన్న నత్రజని కూడా అలాగే బుడగలుగా మారుతుంది. కీళ్లలో చేరితే నొప్పి, వెన్నుపాములో చేరితే కాళ్లూ చేతులూ చచ్చుబడటం. దీనినే డీకంప్రెషన్ వ్యాధి అంటారు.

మిగతా జాగ్రత్తలన్నీ ఈ ఒక్క సూత్రం మీదే ఆధారపడి ఉన్నాయి.

అరకు ఎందుకు ముందు?

పీడనం తగ్గేది నీటిలోంచి పైకి వచ్చినప్పుడే కాదు, కొండ ఎక్కినప్పుడు కూడా తగ్గుతుంది. అరకులోయ సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉంది. కొత్తవలస - కిరండూల్ రైలు మార్గంలోని శిమిలిగుడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. అనంతగిరి ఘాట్ రోడ్డులో వెళ్లినా ఇదే పరిస్థితి.

డైవింగ్ తర్వాత విమానం ఎక్కడంపై అంతర్జాతీయంగా పాటించే నియమాలు ఉన్నాయి. డైవర్ల భద్రతకు కృషిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన ప్రకారం ఒక్కసారి మాత్రమే నీటిలో దిగినవారు కనీసం 12 గంటలు ఆగాలి. ఒకే రోజు రెండు మూడుసార్లు గానీ, వరుసగా కొన్ని రోజులు గానీ దిగినవారు కనీసం 18 గంటలు ఆగాలి. లోతున ఎక్కువసేపు ఉండి, పైకి వస్తూ మధ్యలో తప్పనిసరిగా ఆగవలసి వచ్చినవారికి ఆ వ్యవధి ఇంకా ఎక్కువ. విమానంలో లోపలి గాలి పీడనం సుమారు 600 నుంచి 2,400 మీటర్ల ఎత్తుకు సమానంగా ఉంటుందన్న లెక్కతో ఈ నియమాలు పెట్టారు. అరకు ఆ లెక్కలోకి వస్తుంది. విమానం ఎక్కడం లేదు కదా అని ధీమాగా ఉండేవారు ఈ సంగతిని గమనించాలి.

సాయంత్రం 4 గంటలకు నీటిలోంచి బయటకు వచ్చి, మర్నాడు ఉదయం 7 గంటలకు అరకు రైలు ఎక్కితే గడిచింది 15 గంటలే. ఒక్కసారి, అదీ కొద్దిలోతులో దిగినవారికి అది సరిపోవచ్చు. రెండుసార్లు దిగినవారికి చాలదు. పర్యాటకులకు చేయించే పరిచయ డైవ్ లోతు 12 మీటర్లకు మించదు, నీటిలో ఉండేదీ కొద్దిసేపే, అందువల్ల ముప్పు తక్కువేనన్నది నిజమే. కానీ ముప్పు తక్కువ అన్నందుకు నియమాన్ని పక్కన పెట్టనవసరం లేదు. యాత్ర క్రమాన్ని తిప్పితే చాలు, రూపాయి కూడా అదనంగా కాదు. మొదట అరకు, బొర్రా గుహలు చూసుకుని కొండ దిగాలి. సముద్రాన్ని చివరి రోజుకు ఉంచుకోవాలి. రుషికొండ నుంచి చీపురుపల్లి వరకు దారంతా మైదానమే, బస్సులో వచ్చినా రైలులో వచ్చినా భయం లేదు. కైలాసగిరి, సింహాచలం కొండలు ఈ లెక్కకు అందేంత ఎత్తైనవి కావు. అయితే డైవ్ చేసిన రోజున మెట్లెక్కి కాళ్లు పీకేలా అలసిపోవడం మంచిది కాదు. దేవుని దర్శనం కూడా ముందే చేసుకుంటే సరి.

దాచిన జలుబు

సముద్రంలో దిగేవారిని ఎక్కువగా బాధించేది సొరచేప కాదు, చెవి. ఊరి చెరువులోనో నేలబావిలోనో అడుగున రాయి తేవడానికి మునిగిన ప్రతివారికీ ఈ నొప్పి తెలుసు. కర్ణభేరి వెలుపల నీటి ఒత్తిడి పెరుగుతుంది. లోపలి గదిలో గాలి పాత ఒత్తిడితోనే ఉంటుంది. దాంతో పొర లోపలికి వంగుతుంది. ముక్కు వెనుక నుంచి మధ్యచెవికి ఒక సన్నని గొట్టం ఉంది. ముక్కు మూసుకుని, నోరు మూసి, మెల్లగా గాలిని ఒత్తితే ఆ గొట్టం తెరుచుకుని లోపలా బయటా సమమవుతుంది. ఇటలీకి చెందిన శరీర శాస్త్రజ్ఞుడు వాల్సాల్వా పేరుతో ఈ పద్ధతి ప్రసిద్ధి చెందింది. నీటిలోకి దిగడం మొదలుపెట్టిన క్షణం నుంచే, నొప్పి రాకముందే, మీటరుకు ఒకసారైనా ఇలా చేయాలి. మొదటి 10 మీటర్లలోనే ఒత్తిడి రెట్టింపవుతుంది. కాబట్టి లోతుకు వెళ్లనివారికి చెవి బాధ ఉండదనుకోవడం పొరపాటు.

జలుబు చేసినప్పుడు ఈ గొట్టం వాచి మూసుకుపోతుంది. అప్పుడు బలవంతంగా దిగితే కర్ణభేరి చిట్లవచ్చు, లోపలి చెవి దెబ్బతిని వినికిడి శాశ్వతంగా పోవచ్చు. ఇది అందరికీ చెప్పేదే, ఎందరో పెడచెవిన పెట్టేదీ ఇదే. అందుకు కారణం లేకపోలేదు. నెలల ముందు అనుకున్న యాత్ర, ముందుగా కట్టిన డబ్బు, పక్కన స్నేహితులు. ఆ ఉదయం ముక్కు దిబ్బడ వేసినా శిక్షకునికి చెప్పకుండా మాత్ర మింగి దిగుతారు. మాత్రతో, ముక్కులో వేసుకునే చుక్కలతో వచ్చే ఉపశమనం తాత్కాలికం. నీటి అడుగున ఉండగా మందు ప్రభావం తగ్గిపోతే దిగేటప్పుడు తెరుచుకున్న గొట్టం పైకి వచ్చేటప్పుడు మూసుకుపోతుంది. దిగకుండా మానుకోవచ్చు గానీ పైకి రాకుండా మానుకోలేం కదా. అందుకే డబ్బు కట్టేటప్పుడే ఒక మాట అడగాలి: జలుబు చేస్తే తేదీ మార్చుతారా, లేదా? మార్చుతామన్న మాటను కాగితం మీద రాయించుకుంటే ఆ ఉదయం నిజం చెప్పడానికి ఎవరూ వెనుకాడరు.

చెవిలో గులిమి ఎక్కువగా ఉన్నవారు యాత్రకు వారం ముందే చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించుకోవాలి. పిన్నీసుతోనో, పుల్లతోనో తీసుకుంటే లోపల గీరుకుని ఉప్పునీటికి చీము పడుతుంది. వెచ్చని నూనె పోసే అలవాటు ఉన్నవారు ఆ పని మానాలి. నీరు చేరకుండా చెవిలో దూదిగానీ, ఈతగాళ్లు పెట్టుకునే రబ్బరు బిరడాలుగానీ పెట్టకూడదు. ఒత్తిడికి అవి లోపలికి చొచ్చుకుపోతాయి. పైకి వచ్చాక మంచినీటితో చెవులు కడిగి, తల పక్కకు వంచి నీరు కారనిచ్చి, పలుచని తుండుగుడ్డతో బయటి భాగం తుడుచుకుంటే చాలు.

సంతకం పెట్టే ముందు

నీటిలో దిగడానికి ముందు ఒక ఆరోగ్య పత్రం ఇస్తారు. సాధారణంగా అది ఆంగ్లంలో ఉంటుంది. చాలామంది చదవకుండానే సంతకం పెడతారు. ఉబ్బసం ఉందా, మూర్ఛ వచ్చిందా, గుండె జబ్బు, అధిక రక్తపోటు, మధుమేహం ఉన్నాయా, ఊపిరితిత్తులకు లేదా చెవికి శస్త్రచికిత్స జరిగిందా, గతంలో క్షయ సోకిందా, గర్భవతులా, రోజూ ఏ మందులు వాడుతున్నారు వంటివి అందులోని ప్రశ్నలు. ఒక్కదానికి అవును అని రాసినా వైద్యుని అనుమతి పత్రం కావాలంటారు. అది లేక ఆ రోజు వెనుదిరగవలసి రావచ్చు. కనుక ఇలాంటి సమస్యలున్నవారు విశాఖ వెళ్లి ఇబ్బంది పడేకంటే, వారం ముందే తమ వైద్యుని సంప్రదించి పత్రాన్ని సంచిలో పెట్టుకోవడం మేలు. ఉబ్బసాన్ని దాచడం మరీ ప్రమాదకరం. ఊపిరితిత్తుల్లో గాలి చిక్కుకుపోయి పైకి వచ్చేకొద్దీ వ్యాకోచిస్తే కణజాలం చిరిగిపోతుంది. ఆరోగ్యవంతులకైనా మొదటి నియమం ఇదే: నీటి అడుగున ఊపిరి ఎన్నడూ బిగపట్టరాదు. చెరువులో మునిగేటప్పుడు బిగపట్టే అలవాటు ఉన్న మన పిల్లలు దీనిని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. 10 మీటర్ల లోతులో నిండుగా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెట్టింపు చోటు ఆక్రమిస్తుంది.

ఈత రానివారిని కూడా పరిచయ డైవ్‌కు అనుమతిస్తారు. శిక్షకుడు పక్కనే పట్టుకుని ఉంటాడు. సర్టిఫికెట్ కోర్సు చేయాలంటే మాత్రం 200 మీటర్లు ఈదగలగాలి, 10 నిమిషాలు నీటిపై తేలియాడగలగాలి. పిల్లలకు సముద్రంలో కనీస వయసు 10 సంవత్సరాలు. శిక్షకునికి ఏ సంస్థ ధ్రువపత్రం ఉంది, పడవలో ఆక్సిజన్, ప్రథమ చికిత్స పెట్టె ఉన్నాయా, రీకంప్రెషన్ ఛాంబర్ దగ్గరలో ఎక్కడ ఉంది అని అడగడం మర్యాద తక్కువేమీ కాదు. మంచి శిక్షకులు ఇలాంటి ప్రశ్నలకు సంతోషిస్తారు.

సంచిలో ఏముండాలి?

మాస్క్, సిలిండర్, రెగ్యులేటర్, కాళ్లకు తొడిగే తెడ్లు, రబ్బరు సూటు అన్నీ శిక్షణ సంస్థే ఇస్తుంది. కొనుక్కోవలసిన పని లేదు. లోపల వేసుకోవడానికి ఒంటికి అతుక్కునే ఈత దుస్తులు గానీ, నైలాన్ నిక్కరు, పొడుగు చేతుల బిగుతు బనియను గానీ కావాలి. నూలు బట్టలు పొందూరు ఖద్దరైనా సరే ఇక్కడ పనికిరావు. నీరు తాగి బరువెక్కి, గంటలు గడిచినా ఆరవు. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా శరీరంలోని వేడిని లాగేస్తుంది. వేసవిలో కూడా అరగంట తర్వాత వణుకు పుట్టేది అందుకే. పైకి వచ్చాక తుడుచుకోవడానికి పెద్ద తువ్వాలు, మార్చుకోవడానికి వదులైన పొడి బట్టలు, తడి బట్టలకు మందపాటి ప్లాస్టిక్ సంచి ఉండాలి. తీరంలో బట్టలు మార్చుకునే గది అన్నిచోట్లా ఉండకపోవచ్చు. మహిళలు పైనుంచి వేసుకునే వదులైన నైటీ ఒకటి తీసుకెళ్తే ఎంతో వెసులుబాటు. చున్నీలు, వేలాడే తాళ్లు పడవలోనే వదిలేయాలి.

నగల విషయంలో నిక్కచ్చిగా ఉండాలి. చల్లని నీటిలో వేళ్లు సన్నబడి ఉంగరాలు జారిపోతాయి. గొలుసులు పట్టీల్లో చిక్కుకుంటాయి. ముక్కుపుడక మాస్క్ అంచుకు అడ్డుపడి నీరు చేరుతుంది. ఇంటినుంచే తీసివేసి బయలుదేరడం ఉత్తమం. మంగళసూత్రం తీయడానికి ఇష్టపడనివారు దానిని సూటు లోపలికి వేసి, మెడవరకు మూసుకోవాలి. పసుపుతాడు వేసుకుని వెళ్తే పోతుందన్న బెంగ కూడా ఉండదు.

గుబురు మీసం ఉన్నవారికి మాస్క్‌లోకి నీరు ఊరుతుంది. మీసం తీయమనడం ఎవరికీ నచ్చదు గానీ ముక్కు కింద కొద్దిగా కత్తిరించుకుంటే సరిపోతుంది. జుట్టు పొడవుగా ఉన్నవారు గట్టిగా జడ అల్లుకోవాలి. ముఖంపై ఒక్క పాయ పడినా మాస్క్ అతుక్కోదు. ఆ రోజు తలకు నూనె వద్దు, మాస్క్ పట్టీ జారుతుంది. మాస్క్ లోపల మంచు పట్టకుండా పిల్లల షాంపూ ఒక చుక్క నీళ్లలో కలిపి రాసి కడిగేస్తారు. అది దొరకకపోతే ఉమ్మే మందు, డైవర్లందరూ చేసే పనే. కళ్లద్దాలు పెట్టుకునేవారు వాటిని మాస్క్ లోపల వాడలేరు. పవర్ ఉన్న మాస్క్ ఉందా అని ముందే ఫోనులో అడగాలి. మెత్తని కాంటాక్ట్ లెన్సులతో దిగేవారు ఆ సంగతి శిక్షకునికి చెప్పాలి, మాస్క్‌లో నీరు చేరితే కళ్లు మూసుకోవాలి, పైకి రాగానే లెన్సులు మార్చుకోవాలి. నీటి అడుగున వస్తువులు ఉన్నదానికంటే మూడోవంతు పెద్దవిగా కనిపిస్తాయి కాబట్టి స్వల్ప దృష్టిదోషం ఉన్నవారికి అసలు ఇబ్బందే తెలియదు.

ఎండ సంగతి మరువరాదు. పడవలో కూర్చున్న గంటలోనే వీపు, మెడ మాడిపోతాయి. కొబ్బరినూనె ఎండను ఆపదు. సన్‌స్క్రీన్ రాసుకునేవారు జింక్ ఆక్సైడ్ ఉన్న రకాన్ని ఎంచుకోవాలి. ఆక్సీబెంజోన్ అనే రసాయనం పగడపు దిబ్బలకు హాని చేస్తుందన్న కారణంతో పలావు దేశం 2020 నుంచి, అమెరికాలోని హవాయి రాష్ట్రం 2021 నుంచి అలాంటి రకాలను నిషేధించాయి. నుదుటిమీద మాత్రం రాయకూడదు, చెమటతో కళ్లలోకి దిగి మంట పుడుతుంది. టోపీ, పొడుగు చేతుల చొక్కాకు మించిన రక్షణ లేదు.

బహిష్టు సమయంలో డైవింగ్ చేయరాదన్న నిషేధం ఏదీ లేదు. రక్తపు వాసనకు సొరచేపలు వస్తాయన్నది అపోహ. మామూలు ప్యాడ్లు నీటిలో పనికిరావు. టాంపూన్ లేదా కప్పు వాడేవారు ఇంటి దగ్గర అలవాటు చేసుకున్నాకే యాత్రలో వాడాలి. గర్భవతులు మాత్రం ఎంత తక్కువ లోతులోనైనా దిగకూడదు.

కడుపు, కళ్లు తిరగడం

రైలు దిగగానే పూరీలు, బజ్జీలు లాగించి పడవెక్కితే ఏమవుతుందో చెప్పనవసరం లేదు. రెండు గంటల ముందు ఇడ్లీలు తినడం మేలు. ఖాళీ కడుపుతో వెళ్లడం కూడా మంచిది కాదు. ముందురోజు రాత్రి మద్యం పూర్తిగా మానాలి. సిలిండరులోని గాలి పొడిగా ఉంటుంది, ఎండ ఉంటుంది, చెమట పడుతుంది. ఒంట్లో నీరు తగ్గితే నత్రజని బయటకు పోవడమూ మందగిస్తుంది. ముందురోజు నుంచే మంచినీళ్లు, మజ్జిగ ఎక్కువగా తాగాలి. ఉత్తరాంధ్ర ఇళ్లలో ఎండాకాలం తాగే చోడి అంబలి ఈ పనికి ఏ సీసా పానీయానికీ తీసిపోదు. పడవలో వికారం వచ్చేవారు దూరంగా కనిపించే తీరం వైపు చూడాలి గానీ సెల్‌ఫోను చూడకూడదు. అల్లం ముక్క చప్పరించడం కొందరికి మేలు చేస్తుంది. బస్సు ప్రయాణాల్లో వాడే వాంతి మాత్రలు చాలావరకు మత్తు కలిగిస్తాయి. వైద్యుని అడగకుండా వాటిని మింగి నీటిలో దిగరాదు.

వాతావరణం బాగాలేక శిక్షకుడు వద్దంటే వాదించకూడదు. హుద్‌హుద్ 2014 అక్టోబరులో విశాఖను, తిత్లీ 2018 అక్టోబరులో శ్రీకాకుళం తీరాన్ని ఎలా ఊడ్చిపెట్టాయో ఈ ప్రాంతవాసులకు వేరే చెప్పాలా? ఆ నెల యాత్రకు అనువైనది కాదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తుపై ముందస్తు సమాచారం ఇస్తుంది. వేట మానేసి జాలర్లు పడవలు ఒడ్డుకు లాగిన రోజున పర్యాటకులకు సముద్రంలో పని ఉండదు.

బొటనవేలు పైకెత్తవద్దు

నీటిలో మాట వినపడదు, సైగలే ఆధారం. ఇక్కడ మనవారు చేసే పొరపాటు ఒకటుంది. బాగుందని చెప్పడానికి అలవాటుగా బొటనవేలు పైకెత్తుతారు. డైవర్ల భాషలో దానికి అర్థం పైకి పోదాం అని. శిక్షకుడు వెంటనే పైకి తీసుకొచ్చేస్తాడు, కట్టిన డబ్బులో సగం అక్కడితో సరి. అంతా బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడు వేలు కలిపి సున్నా చుట్టాలి. ఇబ్బందిగా ఉంటే అరచేతిని బోర్లా పెట్టి అటూఇటూ ఊపి, ఆ తర్వాత చెవి నొప్పి అయితే చెవిని చూపాలి. ఇంట్లో పిల్లలతో ఒకరోజు ఆడుకుంటే వచ్చేస్తుంది.

కింద కనిపించే దేనినీ ముట్టుకోరాదు. రాళ్లపై గుల్లలు కత్తుల్లా కోస్తాయి, కొన్ని చేపల ముళ్లకు విషం ఉంటుంది. జెల్లీఫిష్ తగిలితే ఇసుకతో రుద్దడం, మంచినీటితో కడగడం చేయకూడదు. సముద్రపు నీటితోనే కడిగి శిక్షకునికి చూపించాలి. జ్ఞాపకానికని పగడపు ముక్కను తెచ్చుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. సముద్రపు గుర్రం వంటివీ ఆ చట్టం రక్షణలోనే ఉన్నాయి.

అండమాన్ వెళ్లేవారికి

ఈ ప్రాంతం నుంచి బతుకుదెరువుకు అండమాన్ వెళ్లి స్థిరపడిన తెలుగువారు ఎందరో ఉన్నారు. బంధువుల ఇంటికి వెళ్లినవారు స్వరాజ్ ద్వీప్‌లో స్కూబా చేసి రావడం మామూలైంది. హేవ్‌లాక్ దీవికి 2018లో పెట్టిన పేరిది. పోర్ట్‌బ్లెయిర్ పేరు కూడా 2024లో శ్రీవిజయపురంగా మారింది. అక్కడినుంచి విమానంలో తిరిగివచ్చేవారు 18 గంటల నియమం తప్పక పాటించాలి. చివరి రోజును సెల్యులార్ జైలు చూడటానికి కేటాయిస్తే నియమమూ పాటించినట్లవుతుంది, చూడవలసినదీ చూసినట్లవుతుంది. విశాఖ ఓడలో తిరిగివచ్చేవారికి ఈ బెడద లేదు. ఓడ సముద్ర మట్టం మీదే నడుస్తుంది కదా. రెండు మూడు రోజుల ప్రయాణమైనా ఈ ఒక్క విషయంలో విమానం కంటే అదే నయం. విమానంలో వెళ్లేటప్పుడు నీటిలో వాడే టార్చి విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు పెద్ద పెట్టెలో వేయరాదు, చేతి సంచిలోనే ఉంచాలి.

జేబులో ఒక చీటీ

ఈ జాబితాలో అతి చవకైన వస్తువు, చాలామంది తీసుకెళ్లనిది ఒక కాగితం ముక్క. నీటిలోంచి వచ్చాక శిక్షకుని అడిగి అందులో నాలుగు వివరాలు రాసుకోవాలి. ఏ రోజు, ఎన్ని గంటలకు దిగారు, ఎంత లోతుకు వెళ్లారు, ఎన్ని నిమిషాలు ఉన్నారు, ఎన్నిసార్లు దిగారు. శిక్షణ సంస్థ ఫోను నంబరు కూడా రాసి, ఒక రోజంతా జేబులో ఉంచుకోవాలి.

డీకంప్రెషన్ వ్యాధి లక్షణాలు నీటిలో ఉండగా కనిపించవు. పైకి వచ్చిన కొన్ని గంటల్లో, ఒక్కోసారి 24 గంటల వరకు కూడా బయటపడవచ్చు. అప్పటికి మనిషి విశాఖలో ఉండడు, చీపురుపల్లిలో తన ఇంట్లో ఉంటాడు. భుజం నొప్పి, మోచేయి నొప్పి అంటే రైలులో నిలబడి వచ్చినందుకే అనుకుంటారు. నొప్పి మందు రాసి, కాళ్లు పిసికించుకుని పడుకుంటారు. చర్మంపై మచ్చలు, దురద వస్తే ఉప్పునీరు పడలేదని, విపరీతమైన నీరసం వస్తే ఎండదెబ్బ అని సర్దిచెప్పుకుంటారు. వేళ్లు తిమ్మిరెక్కడం, తల తిరగడం, నడక తూలడం, మూత్రం రాకపోవడం ఇంకా తీవ్రమైన సూచనలు. సముద్రానికి 30 కిలోమీటర్ల లోపల ఉన్న ఊళ్లో అర్ధరాత్రి వైద్యుని ముందు కూర్చున్న రోగి తాను ముందురోజు స్కూబా చేశానని చెప్పకపోతే ఆ వైద్యునికి ఊహించే అవకాశమే లేదు. చీటీ చూపిస్తే చాలు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టడం, 108 వాహనంలో తగిన ఆసుపత్రికి తరలించడం, రీకంప్రెషన్ ఛాంబర్ ఉన్నచోటికి ఫోను చేయడం వరుసగా జరిగిపోతాయి. ఎంత త్వరగా చికిత్స అందితే అంత బాగా కోలుకుంటారు. బుడగలు మళ్లీ కరుగుతాయని తిరిగి నీటిలో దించే ప్రయత్నం మాత్రం ఎట్టిపరిస్థితుల్లోనూ చేయరాదు.

చెవిలో నొప్పి, గుయ్యిమనే శబ్దం, వినికిడి మందగించడం మర్నాటికీ తగ్గకపోతే చెవి వైద్యుని వద్దకు వెళ్లాలి. అంతవరకు చెవిలో ఏ చుక్కలూ వేయకూడదు. కర్ణభేరి చిట్లి ఉంటే ఆ చుక్కలు లోపలికి దిగి హాని చేస్తాయి. అది పూర్తిగా మాని, వైద్యుడు సరేనన్న తర్వాతే మళ్లీ సముద్రం.